మసక ఫోటో చూసి పిట్టకు శిక్ష వేయొద్దు

వరి పొట్ట పగిలి కంకి బయటపడే రోజులొచ్చాయంటే డెల్టాలో సెల్‌ఫోన్లకు ఒక కొత్త పని తగులుకుంటుంది. గట్టు మీద నిలబడి చేలో వాలిన పిట్టను ఫోటో తీయడం, దాన్ని నలుగురికీ పంపడం. పచ్చటి చేలో మట్టిరంగు చుక్క ఒకటి కనిపిస్తుంది. వేళ్లతో సాగదీస్తే ఆ చుక్క కాస్తా మరక అవుతుంది. దాని కింద రెండు ప్రశ్నలుంటాయి. ‘ఇదేం పిట్టండీ?’ అన్నది మొదటిది. ‘ఏం మందు కొట్టమంటారు?’ అన్నది రెండోది. మొదటి ప్రశ్నకు జవాబు రాకముందే రెండోదానికి జవాబు చెప్పేసేవాళ్లు ఊరికి పదిమంది ఉన్నారు. అసలు గొడవంతా అక్కడే ఉంది.

పురుగుల విషయంలో మన రైతు ఈ తొందర తగ్గించుకుని చాలా కాలమైంది. సుడిదోమ ఏది, దాన్ని పట్టి తినే సాలీడు ఏది, అక్షింతల పురుగు ఏది అని దుబ్బు వంచి చూసే అలవాటు పొలంబడుల పుణ్యమా అని కొంతైనా వచ్చింది. మిత్రపురుగు, శత్రుపురుగు అనే మాటలు రచ్చబండ దగ్గర కూడా వినిపిస్తున్నాయి. పిట్టల దగ్గరకొచ్చేసరికి మాత్రం అన్నీ ఒకే గంపలో పోసేస్తున్నాం. రంగున్నవాటికి పేర్లున్నాయి. పాలపిట్ట, లకుముకి, రామచిలుక, గోరింక - చిన్నపిల్లలు కూడా చెబుతారు. మట్టిరంగు పిట్టకు మాత్రం పేరు లేదు. అన్నీ పిచ్చుకలే. పేరు లేనివాడి మీద నేరం మోపడం తేలిక కదా!

డెల్టా చేలల్లో తిరిగే మట్టిరంగు పిట్టల్లో గింజ తినేవి ఉన్నాయి, పురుగు తినేవి ఉన్నాయి, ఒక రుతువులో అదీ మరో రుతువులో ఇదీ తినేవి ఉన్నాయి. వీటిని విడదీయకుండా వల కట్టినా, మందు చల్లినా నష్టపోయేది పిట్ట ఒక్కటే కాదు.

ఫోటో ఎందుకు చాలదు?

ఫోను కెమెరా మనిషి మొహం తీయడానికి పనికొచ్చేది. ముప్పై గజాల దూరంలో ఉన్న అయిదంగుళాల పిట్టకు అది సరిపోదు. ఆ దూరంలో పిట్ట మొత్తం బొమ్మలో ఆవగింజంత. దాన్ని పెద్దది చేస్తే ఫోను తన తెలివి ఉపయోగించి గరుకుగా ఉన్నచోటల్లా నున్నగా పూసేస్తుంది. పొట్ట మీది పొలుసుల గీతలు, వీపు మీది చారలు, కంటి పైన కనుబొమలాంటి లేత గీత అన్నీ ఆ పూతలో కొట్టుకుపోతాయి. గుర్తుపట్టడానికి పనికొచ్చేవి సరిగ్గా అవే. చారలున్న పిట్ట కూడా సాదా మట్టిరంగు పిట్టయి కూర్చుంటుంది.

వెలుతురు చేసే మోసం మరొకటి. ఆకాశం కేసి తీస్తే తెల్ల పిట్ట కూడా నల్లగా పడుతుంది. సాయంత్రం పూట పడమటి ఎండలో బూడిదరంగు పిట్ట ఇటుకరంగుకు తిరుగుతుంది. పక్కన పోల్చడానికి ఏమీ లేకపోతే గోరింకంత ఉందో, బొటనవేలంత ఉందో తెలియదు. ఇవన్నీ దాటుకుని వచ్చిన ఫోటోను వాట్సాప్ ఇంకాస్త కుదించి పంపుతుంది. ఒక గుంపులోంచి మరో గుంపులోకి, అక్కడి నుంచి ఇంకో గుంపులోకి పోయేసరికి మిగిలేది మట్టిరంగు మాత్రమే.

ఈ మధ్య ఫోటో చూపిస్తే పేరు చెప్పే యాప్‌లు వచ్చాయి. మెర్లిన్ అనేది వాటిలో ఒకటి. మంచివే, వాడుకోవచ్చు. అయితే మసక బొమ్మ ఇస్తే యాప్ కూడా ఊహే చెబుతుంది, దానికి మంత్రాలు రావు. పక్షిశాస్త్రం చదివినవాళ్లే కొన్ని మట్టిరంగు పిట్టల్ని చేతిలో పట్టుకుని, రెక్క ఈకల పొడవు కొలిచి గానీ ఇదీ అని తేల్చరు. చలికాలంలో వేల మైళ్ల అవతల, తూర్పు యూరప్, సైబీరియా వైపు నుంచి మన కంచెల్లోకి, గుబుర్లలోకి వచ్చే ఒక పిట్ట ఉంది. ఆంగ్లంలో బ్లైత్స్ రీడ్ వార్బ్లర్ అంటారు. కలకత్తా ఏషియాటిక్ సొసైటీ మ్యూజియంలో పనిచేసిన ఎడ్వర్డ్ బ్లైత్ పేరు మీద పెట్టారు. ఒంటి మీద చార లేదు, మచ్చ లేదు, వన్నె లేదు. దాని బంధువులు మరో మూడు నాలుగు రకాలు అచ్చం ఇలాగే ఉంటాయి. అనుభవమున్నవాళ్లు దాన్ని కళ్లతో కాదు, చెవులతో పడతారు. పొదలోంచి నాలుక చప్పరించినట్టు ‘టక్... టక్’ మంటూ ఉంటుంది. సెప్టెంబరు, అక్టోబరులో వచ్చి ఏప్రిల్ దాకా మన ఆకుల కింద పురుగులు ఏరుకుంటుంది. దాని ఫోటో పంపి ‘వరికి కొత్త తెగులు పిట్ట వచ్చింది’ అని ప్రచారం చేస్తే ఏం చెప్పాలి?

రంగు వదిలి ముక్కు చూడండి

పిట్ట ఏం తింటుందో దాని ముక్కు చెబుతుంది. రంగు మారుతుంది, ఈకలు మారతాయి, ముక్కు మారదు. గింజ తినే పిట్టకు ముక్కు పొట్టిగా, లావుగా, గరాటులా ఉంటుంది. వడ్లగింజ పొట్టు ఒలవాలంటే అలాంటి పట్టకారు కావాలి. పురుగు ఏరుకునే పిట్టకు ముక్కు సూదిలా సన్నగా ఉంటుంది. ఫోటో ఎంత మసగ్గా ఉన్నా పక్కనుంచి తీస్తే ముక్కు లావా, సన్నమా అన్నది చాలాసార్లు తెలుస్తుంది. ఎదురుగా, వెనకనుంచి తీసిన ఫోటోలు వంద పంపినా ఉపయోగం లేదు.

లావు ముక్కువాటిలో డెల్టా రైతుకు బాగా తెలిసింది గిజిగాడు. తాటాకుల చివర వేలాడే గూళ్లు చూడనివారెవరు? కానీ గిజిగాడిని చూశామంటే చాలామంది మనసులో మెదిలేది పసుప్పచ్చ తలపాగా చుట్టుకున్న మగది. ఆ తలపాగా వానాకాలంలో గూళ్లు కట్టే రోజుల్లోనే ఉంటుంది. సీజను అయిపోగానే రాలిపోతుంది. ఆ తర్వాత మగదీ ఆడదీ ఒకేలా, చారల మట్టిరంగులో, ఆడ ఊరపిచ్చుకకు అన్నదమ్ముల బిడ్డల్లా ఉంటాయి. సార్వా కోతల నాటికి గుంపులు గుంపులుగా వచ్చేవి ఇవే. ‘ఈ పిట్టలెక్కడివో, కొత్తగా వచ్చాయండీ’ అంటారు మనవాళ్లు. కొత్తవి కావు. మొన్న శ్రావణంలో మీ తాటిచెట్టుకు గూడు కట్టిన గిజిగాడే, పెళ్లి బట్టలు విప్పేసి వచ్చాడు.

వాడి సంగతి ఇంకొంచెం చెప్పాలి. సలీం అలీ 1930 ప్రాంతంలో బొంబాయి దగ్గర కిహిం అనే పల్లెలో నెలల తరబడి గిజిగాళ్లనే చూస్తూ కూర్చున్నారు. మగది గూడు సగం కట్టి ఆడదానికి చూపిస్తుందనీ, అది ఒప్పుకుంటేనే పూర్తి చేస్తుందనీ, తర్వాత ఇంకో ఆడదాని కోసం ఇంకో గూడు మొదలెడుతుందనీ లోకానికి వివరంగా చెప్పింది ఆయనే. గూటిలో పిల్లలున్నప్పుడు ఇదే గింజల దొంగ మిడతల్ని, గొంగళి పురుగుల్ని పట్టుకొచ్చి పెడుతుంది. అంటే మీ చేలో వరి పిలక దశలో ఉండగా పురుగు తింటుంది, పాలు పోసుకునేటప్పుడు గింజ తింటుంది. అదే పిట్ట, అదే చేను. దీన్ని మిత్రుడనాలా, శత్రువనాలా? నన్నడిగితే, వరసకు బావమరిది అనాలి. పండగకు మేకులా పాతుకుని కూర్చుంటాడు, పనికీ వస్తాడు.

అసలు గింజకు గట్టి నష్టం చేసేవి మునియాలు. పాత పుస్తకాల్లో జీనువాయి అని రాశారు. ఊళ్లలో ఒక్కోచోట ఒక్కో పేరు. పెద్దవాటిని గుర్తుపట్టడం కష్టం కాదు. ఒకదానికి పొట్ట నిండా చేపపొలుసుల్లాంటి గీతలుంటాయి, ఇంకోదానికి తల నల్లగా ఉంటుంది. చిక్కంతా వాటి పిల్లలతో. ఆ ఏడు పుట్టిన పిల్లలకు పొలుసులూ ఉండవు, నల్ల తలా ఉండదు. ఒళ్లంతా ఒకటే గోధుమరంగు. మసక ఫోటోలో ఇవీ, పురుగులు తినే సాదా పిట్టలూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే ముక్కు చూడమంటున్నాను. ఇంకో గుర్తు కూడా ఉంది. మునియా ఎప్పుడూ ఒంటరిగా రాదు. ముద్దలా లేచి ముద్దలా వాలే గుంపు. కంకి మీదో, పక్క కాడ మీదో కూర్చుని గింజ గింజా ఒలుస్తుంది.

ఇక సన్న ముక్కువి. చేలో దుబ్బుల మధ్య ఒంటరిగానో జంటగానో తిరిగే బుల్లి పిట్ట ఒకటుంది. ఒంటికన్నా తోక పెద్దదేమో అనిపిస్తుంది. ఆ తోకను ఎత్తి ఎత్తి ఆడిస్తుంది. ఆంగ్లంలో ప్లెయిన్ ప్రీనియా అంటారు. దాని శాస్త్రీయ నామంలోని ఇనోర్నేటా అనే లాటిన్ మాటకు అలంకారం లేనిది అని అర్థం. శాస్త్రవేత్తకే చెప్పడానికి ఒక్క గుర్తూ దొరకలేదన్నమాట! ఇది వరి దుబ్బుల్లో, రెల్లులో గడ్డి పోచలతో చిన్న సంచిలాంటి గూడు అల్లుకుంటుంది. ఆకు వెనక్కి తల పెట్టి పురుగుల్ని వెతుక్కుంటుంది. వడ్లగింజ ఒలిచే సత్తా ఆ ముక్కుకు లేదు.

గట్ల మీద, కోసిన మళ్లలో నేల మీద తిరిగే మట్టిరంగు పిట్ట పిపిట్. ఆంగ్లంలో దాని పేరులోనే వరిపొలం ఉంది. వీపు మీద చారలుంటాయి కాబట్టి పిచ్చుకనుకుంటారు. పిచ్చుక గెంతుతుంది, పిపిట్ నడుస్తుంది. కాలు మార్చి కాలు వేసి పరుగెడుతుంది. ఎగిరినప్పుడు తోక రెండు అంచులూ తెల్లగా మెరుస్తాయి. ఇంత తేడాను ఏ ఫోటో చూపించగలదు? గట్టు మీద రెండు నిమిషాలు నిలబడితే కన్ను చూపిస్తుంది.

కొంగల్లోనూ ఈ తికమక ఉంది. బోదె గట్టున ముడుచుకుని కూర్చున్న గుడ్డికొంగ మట్టిముద్దలా ఉంటుంది. లేచిందా, రెక్కలు పాల తెలుపు. కూర్చున్నప్పటి ఫోటో, ఎగిరినప్పటి ఫోటో పక్కపక్కన పెడితే రెండూ ఒకటే అంటే నమ్మరు. అది తినేది చేపలు, కప్పలు, పురుగులు, పీతలు. గట్లకు బొక్కలు పెట్టి నీళ్లు పోగొట్టే పీతల్ని ఏరి తినే దాన్ని పొలంలోంచి తరమడం దేనికి? చేపల చెరువుల దగ్గర లెక్క వేరే. అక్కడ రైతు బాధ అక్కడిది. కానీ అక్కడ కూడా పెద్ద చేపకు మునిగే నీటికాకిని, అంచున నిలబడే గుడ్డికొంగను ఒకే గాటన కట్టడం తగదు.

నష్టం పిట్టదేనా?

పిట్ట పేరు తేల్చుకోవడమే కాదు, నష్టం పిట్ట చేసిందో కాదో కూడా తేల్చుకోవాలి. చేలో తెల్లగా, తాలుగా నిలబడ్డ కంకులు చూసి, పైన పిట్ట కనిపించగానే రెండూ కలిపేస్తున్నారు. కాండం తొలిచే పురుగు పడితే తెల్లకంకి వస్తుంది. దాన్ని పట్టుకుని లాగితే తేలిగ్గా ఊడి చేతికి వస్తుంది. పిట్ట తిన్న కంకి అలా రాదు. గింజలు నలిగి, పొట్టు చీలి, పాలు కారి ఎండిన తెల్లటి మరక ఉంటుంది. పిలకలు మొదట్లో ఏటవాలుగా కొరికి ఉంటే అది ఎలుక. డెల్టాలో ఎలుకల సంగతి వేరే చెప్పాలా? కొన్ని చోట్ల పురుగు చేసిన నష్టాన్నీ, ఎలుక చేసిన నష్టాన్నీ కూడా పిట్ట ఖాతాలో రాసేస్తున్నారు. ఫోటో తీసేది పిట్టను కదా, పిట్టే దొరుకుతుంది. ఎలుక రాత్రి వస్తుంది.

పిట్టల నష్టం లేదని చెప్పడం నా ఉద్దేశం కాదు. తాటిచెట్ల వరస పక్కన, రెల్లు దిబ్బ పక్కన చేను ఉన్న కౌలురైతును అడగండి. అందరికన్నా పది రోజులు ముందు ఈనిన చేనుదీ, అందరికన్నా వెనకబడ్డ చేనుదీ ఇదే గతి. చుట్టూ పచ్చిక ఉండి, ఒక్క చేనే పాలు పోసుకుంటే ఊళ్లోని మునియాలన్నీ అక్కడే విస్తరి వేస్తాయి. ఎకరం చేను ఉన్నవాడికి అది తట్టుకోలేని దెబ్బ. కాలువ నీళ్లు అందరికీ ఒకసారి అందక, నారుమళ్లు వెనకా ముందూ పడి, ఒక ఆయకట్టులోనే చేలు నాలుగు రకాలుగా ఈనుతుంటే ఈ బాధ ఎక్కువవుతుంది. నాట్లు దగ్గర దగ్గరగా పడితే ఉన్న పిట్టలు చేలన్నిటి మీదా పంచుకుని తింటాయి, ఏ ఒక్కరికీ భరించలేనంత రాదు. కాబట్టి పిట్టల సమస్యలో సగం కాలువ సమస్యే. ఈ మాట ఇరిగేషన్ వాళ్లకు చెబితే నవ్వుతారేమో గాని, నేను గట్టిగానే అంటాను.

కాపలా ఎన్ని రోజులు కావాలో కూడా లెక్క చూసుకోవాలి. పాలు పోసుకోవడం మొదలైన నాటి నుంచి గింజ గట్టిపడే దాకా సుమారు రెండు మూడు వారాలు. పొద్దున్నే రెండు మూడు గంటలు, సాయంత్రం రెండు గంటలు పిట్టల జోరు ఎక్కువ. మెరిసే రిబ్బనును మెలి తిప్పి కంకికి కాస్త ఎత్తున బిగువుగా కడితే గాలికి ఝుమ్మంటుంది, ఎండకు తళుక్కుమంటుంది. దిష్టిబొమ్మను ఒకేచోట పాతి వదిలేస్తే నాలుగో రోజుకు దాని నెత్తి మీదే వాలతాయి. చోటు మారుస్తూ ఉండాలి. డబ్బా మోత, వడిసెల, మంచె - మన తాతల నాటివే, ఇప్పటికీ పనిచేస్తాయి. కూలి ఖర్చు ఉందంటారా? నిజమే, ఉంది. అయితే చేనంతా వల కప్పే ఖర్చుతో పోల్చి చూడండి.

వల సంగతికి వద్దాం. చేపల చెరువుల దగ్గర పాతబడిన నైలాను వలలు చవగ్గా దొరకడంతో చేల చుట్టూ, చేల మీద కట్టేయడం అలవాటైంది. వలకు ముక్కు లావా, సన్నమా అన్న విచక్షణ ఉండదు. గుంపుగా వచ్చే మునియా నాలుగు చిక్కగానే మిగతావి పక్క చేలోకి పోతాయి. ఎటూ పోకుండా ఆ చేలోనే కాపురముండే ప్రీనియా, పసులపోలిగాడు, తోకాడించే పిట్టలు ఒక్కొక్కటే చిక్కుతాయి. రెక్కలు మెలిపడి ఎండకు వేలాడి చస్తాయి. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటామే, ఇక్కడ అస్త్రం పిచ్చుకకు తగలడం లేదు, పక్కనున్నవాడికి తగులుతోంది. మినుములో, పెసరలో ‘పక్షిస్థావరాలు పెట్టండి, పిట్టలు వాలి పురుగుల్ని తింటాయి’ అని మనమే పంగల కర్రలు పాతుతాం. అంతకు రెండు నెలల ముందు అదే మడిలో వరి మీద వల కట్టి అవే పిట్టల్ని చంపుకుంటాం. ఇందులో వ్యవసాయం ఏముందో నాకు అర్థం కాదు.

గుళికల మందు కలిపిన ధాన్యం గట్ల మీద చల్లడం ఇంకా దారుణం. కోతలయ్యాక బాతుల మందలు మన మళ్లలోకే మేతకు వస్తాయి. వాటికి ఈ గింజ ఆ గింజ అని తెలియదు. చచ్చిన పిట్టను కుక్క తింటుంది, పిల్లి తింటుంది, ఒక్కోసారి పిల్లలు ఏరుకుపోతారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పక్షుల్ని వలేసి పట్టడం, చంపడం, అమ్మడం నేరమన్న సంగతి సరేసరి.

చైనా కథ చాలామంది విన్నదే. 1958లో అక్కడి ప్రభుత్వం నాలుగు చీడల మీద యుద్ధం ప్రకటించింది. ఎలుక, ఈగ, దోమలతో పాటు పిచ్చుకనూ చేర్చింది. ఊళ్లకు ఊళ్లు గిన్నెలు వాయించి, వాలనివ్వకుండా తరిమి, అలిసి రాలిపోయేలా చేశారు. పిచ్చుకలు పోయాక మిడతలు, పురుగులు పెరిగాయి. 1960లో జాబితాలోంచి పిచ్చుక పేరు కొట్టేసి నల్లి పేరు రాసుకున్నారు. ఆ తర్వాత వచ్చిన కరువుకు ఇదొక్కటే కారణం కాదు, కానీ కారణాల్లో ఇదీ ఉంది. చంపేముందు కడుపు కోసి ఏం తిన్నదో చూడమని అక్కడి శాస్త్రవేత్తలు చెప్పకపోలేదు. వినే తీరిక లేకపోయింది.

ఫోటో లేకుండా దొరికిన పిట్ట

ఫోటో ఉంటేనే పిట్ట ఉన్నట్టు అనుకునే ఈ రోజుల్లో మన రాష్ట్రంలోనే జరిగిన ఒక సంగతి చెప్పాలి. కడప జిల్లా ముళ్లపొదల్లో ఇసుకరంగు ఒళ్లు, మెడ కింద పట్టీలు ఉన్న పక్షి ఒకటుంది. కలివి కోడి అంటారు. 1900 తర్వాత 86 ఏళ్ల పాటు ఎవరూ నమోదు చేయలేదు. అంతరించిందనే అనుకున్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ వచ్చి ఊరూరా వేటగాళ్లకు బొమ్మ చూపించి అడిగారు. చూశామన్నవాళ్లున్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఒక వేటగాడు రాత్రిపూట దాన్ని పట్టి తెచ్చాడు. శాస్త్రం లేదన్న పిట్ట అతనికి ఎప్పటి నుంచో ఉన్నదే!

అది రాత్రి తిరిగే పక్షి, మనిషి అలికిడికి ఆగదు. ఆ తర్వాతి ఏళ్లలో పరిశోధకులు పొదల మధ్య మెత్తటి ఇసుక పట్టీలు పరిచి అడుగుజాడలు వెతికారు. కదలిక తగిలితే తనంతట తానే ఫోటో తీసే కెమెరాలు పెట్టారు. కూతను వినిపించి జవాబు వస్తుందేమోనని చెవి పెట్టారు. మళ్లీ చాలా ఏళ్లు జాడ లేదు. 2025 ఆగస్టులో పక్షి పరిశీలకులు కడప ప్రాంతంలో చీకట్లో దాని కూత రికార్డు చేశారు. కంటికి కనబడలేదు, అయినా పిట్ట ఉన్నట్టు తేలింది. కూత, అడుగుజాడ, అక్కడి మనిషి మాట - ఇవన్నీ సాక్ష్యాలే. వరిచేలోని సాదా పిట్టకు కూడా ఇవే సాక్ష్యాలు. అవి గట్టు మీద నిలబడ్డ రైతు దగ్గరే ఉన్నాయి, ఫోటో చూసి పేరు చెప్పేవాడి దగ్గర లేవు.

అందుకే ఫోటో పంపే రైతు సోదరులకు నాదొక మనవి. ఫోటోతో పాటు నాలుగు మాటలు రాయండి. ఒక్కటే వచ్చిందా, గుంపా? కంకి మీద వాలిందా, దుబ్బు లోపల దూరిందా, నేల మీద తిరిగిందా? గెంతిందా, నడిచిందా? నోట్లో ఏముంది? పక్కనుంచి ముక్కు కనబడేలా తీయండి. కుదిరితే పది సెకన్ల వీడియో తీయండి, కూత కూడా పడుతుంది. వాట్సాప్‌లో మామూలుగా కాకుండా డాక్యుమెంటు రూపంలో పంపితే ఉన్న స్పష్టత ఉన్నట్టు వస్తుంది. పిట్ట చచ్చి పడి ఉంటే మాత్రం ఫోటో తీయండి గాని చేత్తో ముట్టుకోవద్దు, పశువైద్యుడికి చెప్పండి. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో కోళ్లఫారాల్లో బర్డ్ ఫ్లూ తేలినప్పుడు కనిపించిన ప్రతి పిట్టనూ అనుమానించినవాళ్లున్నారు. అలాంటప్పుడు కూడా చచ్చింది ఏ పిట్టో తెలిస్తే అధికారులకు సగం పని తేలికవుతుంది.

వ్యవసాయ శాఖనూ అడగాల్సింది ఉంది. పురుగుల పటాలు ప్రతి రైతు సేవా కేంద్రంలోనూ గోడకు వేలాడాలని కోరుకునే శాఖ, పిట్టల పటం ఎందుకు వేయదు? మార్టేరులో 1925 నుంచి వరి పరిశోధన జరుగుతోంది. స్వర్ణ, కాటన్‌దొర సన్నాలు లాంటి రకాలు దేశానికి ఇచ్చిన కేంద్రం అది. ఆ రకాల మీద ఏ దశలో ఏ పిట్ట వాలుతుందో, ఏది గింజ కోసం, ఏది పురుగు కోసం వస్తుందో ఒక కాగితం మీద వేసివ్వడం వాళ్లకు పెద్ద పని కాదు. అందులో ఊళ్లలో వాడే పేర్లు ఉండాలి. కోనసీమలో ఒక పేరు, భీమవరం వైపు ఒక పేరు, మెట్టలో ఒక పేరు - అన్నీ రాయాలి. వయసైన రైతుల్ని కూర్చోబెట్టి అడిగితే ఒక పూటలో తేలే పని. వాళ్లు చెప్పినంత సూటిగా ఏ యాప్ చెప్పదు. గుళ్లో దూలాలకు వరి కంకుల కుచ్చులు కట్టి పిచ్చుకల్ని పిలిచింది ఆ తరమే.

దాళ్వా చేలు ఈనేది ఫిబ్రవరి నెలాఖరు, మార్చి రోజుల్లో. అప్పటికి ఆ పటం గోడ మీద ఉండాలంటే సంక్రాంతి లోపే అచ్చుకు వెళ్లాలి. అందులో రంగులు బాగా పడకపోయినా ఫర్వాలేదు. ముక్కుల బొమ్మలు మాత్రం పెద్దవిగా వేయించండి.